బిరడా మీది సంవత్సరం

పోయిన వారం, బిరడా లాగిన చెయ్యి లాగినట్టే ఉండిపోయిన చోట రుచమ్మని వదిలిపెట్టాం. మెట్ల మీద జారి అక్క మణికట్టు విరగ్గొట్టుకోబట్టి, పదేళ్ళలో మొదటిసారి ఆ వైన్ సీసాని ఆమె తన చేత్తో తెరిచింది. నాలుగింటికి పన్నెండు ఇళ్ళ వాళ్ళు ఆమె వైన్ కొట్టుకి వస్తారు. పదేళ్ళ క్రితం ఆమె మాట నమ్మి కొన్నవాళ్ళు, ఆమె మాట మీదే ఇంతకాలం తాగకుండా ఆగినవాళ్ళు. "ఇక తాగొచ్చు" అని ఆమె ఈ రోజు వాళ్ళకి చెప్పాలి. చెప్పే ముందు తను ఒక్క గుక్క చూసుకుందామని తెరిచింది.

సీసా మీది లేబుల్ 2010 అంటోంది. చేతిలోని బిరడా 2011 అంటోంది.

కుళాయి కింద పెట్టి కడిగింది. కళ్ళజోడు చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. కార్కు మీద కాల్చి వేసిన ముద్ర కడిగితే పోదు, తుడిస్తే మారదు. లేబుల్ ఎవరైనా ఎప్పుడైనా బయట అతికించొచ్చు. బిరడా మాత్రం సీసా నింపిన రోజునే తోటలో లోపలికి దిగుతుంది. ఇక ఎవరో ఒకరు తెరిచేదాకా దాన్ని చూసే దిక్కు లేదు.

ఒక్క ఏడాది తేడాకి ఇంత గుండె దడేమిటి అని ఎవరైనా అనుకోవచ్చు. రుచమ్మ చేసే పనిలో ఆ ఒక్క ఏడాదే అంతా. ఫ్రాన్సులోని బోర్డోలో 2010 వేసవి పొడిగా కాసింది, రాత్రుళ్ళు చల్లబడ్డాయి. ద్రాక్ష చిన్నగా, మందపాటి తోలుతో, చిక్కగా పండింది. కాలం కలిసొస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడంటారే, అలాంటి ఏడాది. మరుసటి ఏడు వేసవిలో కాయాల్సిన ఎండ ముందే కాసేసి, తీరా వేసవికి మబ్బు పట్టింది. పండు ఒక పక్క పండి, ఒక పక్క పుల్లగానే ఉండిపోయింది.

అలాంటి గొప్ప ఏడాదిలో పేరున్న తోటల సీసాలు షోకేసుల్లో దేవుళ్ళలా కూర్చుంటాయి, దణ్ణం పెట్టుకోవడానికే తప్ప తాగడానికి కాదు. రుచమ్మ లెక్క వేరు. గొప్ప ఏడాదిలో చిన్న తోట కొను, చెడ్డ ఏడాదిలో పెద్ద తోట కొను. ఆ లెక్క పట్టుకునే ఆమె అంత దూరం వెళ్ళింది. ఒక పెద్ద తోట ప్రహరీ వెంట నడుస్తూ, గోడకి ఇవతల ఒక ముసలి దంపతుల చిన్న తోట చూసింది. అదే బంకమట్టి, కింద అదే సున్నపురాయి. "మధ్యలో గోడుందని వేర్లకి తెలీదమ్మా" అన్నాడట ముసలాయన. గోడ అవతలి సీసా ఒకటి కొనే ధరకి ఇవతలివి పధ్నాలుగు వచ్చాయి. ఆ సరుకు పన్నెండు ఇళ్ళకి పంచి, అందరి సీసాలూ కొట్టు కింది నేలమాళిగలోనే దాచి, "పదేళ్ళు ఆగండి, పచ్చి కాయ కొరకొద్దు" అని చెప్పింది. రుచమ్మ అన్న పేరు కూడా ఆ ఇళ్ళ వాళ్ళు పెట్టిందే. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇప్పుడు బ్యాంకు కాగితాల మీద తప్ప ఎక్కడా లేదు.

ఏటా ఒక సీసా తెరిచి అది ఎంతవరకు వచ్చిందో చూడటం అలవాటు. తెరిచేది అక్క. ఈ వెనక గదిలోనే బిరడా తీసి, వైన్ గాజు కూజాలోకి వంచి, కూజా మాత్రమే ముందు హాల్లోకి తెచ్చేది. "పెళ్ళికూతురు పందిరి గుంజలు పాతుతుందా ఎక్కడైనా? నువ్వు కూర్చోవే, నేను తెస్తా" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. రుచమ్మ కూడా.

ఆమె కిందికి వెళ్ళింది. మూడు వేర్వేరు పెట్టెల్లోంచి మూడు సీసాలు తెచ్చింది. ఒక్కొక్కటే తెరిచింది. తరువాత గుమ్మం దాకా వెళ్ళి పిలిచింది.

"అక్కా, ఒకసారి ఇటు రా."

"వస్తున్నానే. ఒంటి చేత్తో గ్లాసులు తుడుస్తున్నా. నీకు చాకిరీ చేసే చేతులు రెండూ ఉన్నట్టు మాట్లాడకు."

అక్క వచ్చింది. మెళ్ళోంచి వేలాడే గుడ్డలో కట్టు కట్టిన చెయ్యి, రెండో చేతిలో తువ్వాలు. సింకు పక్కన తెరిచిన సీసాలు చూసింది. చెల్లెలి ముఖం చూసింది. తువ్వాలు గట్టు మీద పరిచి ఒంటి చేత్తో మడతపెట్టడం మొదలుపెట్టింది.

"డాక్టరు గారి చేత తీయిద్దామన్నానుగా. అంత తొందరేమొచ్చింది?"

"ఆయన పీకేది పళ్ళక్కా. ఇదేంటి?"

"ఏది?"

"ఇది."

"బిరడా."

"దాని మీద ఏముంది?"

"నా కళ్ళజోడు ముందు గదిలో ఉందే."

"నేను చదువుతా, విను. రెండు వేల పదకొండు."

తువ్వాలు నాలుగు మడతలైంది. ఐదో మడత పడలేదు.

"ఒక సీసా అటూ ఇటూ అయ్యుంటుంది. పెద్దవాళ్ళు కదా, ఏ చీకట్లో నింపారో..."

"అలా అంటావనే ఇంకో మూడు తెరిచాను." రుచమ్మ మిగిలిన బిరడాలు గట్టు మీద పెట్టింది. "కళ్ళజోడు తెచ్చుకో. నేను ఎక్కడికీ పోను."

అక్క కళ్ళజోడు కోసం వెళ్ళలేదు. గోడ వారగా ఉన్న ఖాళీ పెట్టె మీద కూర్చుంది. కూర్చోవడంలోనే చెప్పేసింది. అరవై దాటిన మనిషి, నిలబడే వాదించే మనిషి, అనుమతి అడక్కుండా అలా కూలబడటం రుచమ్మ ఎన్నడూ చూడలేదు.

"నీ ఆపరేషనప్పుడు" అంది అక్క.

"చెప్పు."

"లారీ శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. పెరట్లో దించమన్నాను. సాయంత్రం నలుగుర్ని పిలిచి లోపల పెట్టిద్దామనుకున్నా. ఇంతలో ఆస్పత్రి నుంచి ఫోను, నీకు జ్వరం తిరగబెట్టింది, స్పృహ లేదని. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా తెలీదు, పరిగెత్తాను. సోమవారం దాకా ఇల్లు గుర్తురాలేదు నాకు. ఆ మూడు రోజులూ నిప్పులు చెరిగింది ఎండ." మెడ దగ్గర గుడ్డ ముడి సవరించుకుంది. "వచ్చి చూస్తే బిరడాలు పైకి తన్నుకొచ్చేశాయి. ఒకటి తెరిచా. ఉడకబెట్టిన పండు వాసన. రెండోదీ అంతే. పదోదీ అంతే."

"ఏం చేశావు?"

"పారబోశాను. ఈ సింకులోనే. రెండు రోజులు పట్టింది."

రుచమ్మ సింకు వైపు చూసింది. తను ఆ నీరసపు రోజుల్లో మంచం మీద పడుకుని కలలు కన్న వైన్ అంతా ఈ కన్నంలోంచి కాలవలోకి పోయింది. తర్వాతి కథ ఆమే చెప్పుకోగలదు. ఆ ముసలి దంపతుల నేలమాళిగ చెమ్మగా ఉంటుంది, లేబుళ్ళు బూజు పడతాయి. అందుకని వాళ్ళు సీసాలు ఉత్తవి పంపి, లేబుళ్ళు విడిగా కట్ట కట్టి ఇస్తారు. అతికించుకోవాల్సింది కొట్టు వాళ్ళే. పాడైన సరుకుకి అతికించని 2010 కట్ట అక్క దగ్గర మిగిలింది. వాళ్ళకే ఉత్తరం రాసి, అంతే సరుకు మళ్ళీ తెప్పించింది. అప్పటికి వాళ్ళ దగ్గర ఉన్నది 2011.

"నువ్వు కళ్ళు తెరిచి మొదట అడిగిన మాటేంటో తెలుసా? 'అక్కా, సరుకొచ్చిందా?' అన్నావు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మంచినీళ్ళు కూడా అడగలేదు. ఏమని చెప్పనే?"

"ఆ రోజు చెప్పలేకపోయావు. సరే. ఆ రోజుకి నిన్ను ఒక్క మాటన్నా నా కళ్ళు పోతాయి. తర్వాత పదేళ్ళున్నాయి కదక్కా?"

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నా. రేపటికి రూపు లేదంటారుగా. అదే తోట, అదే చేతులు. నిలవుంటే ఇదీ బాగుపడుతుందేమోనని..."

"బాగుపడదని నా నాలుక మొదటి ఏడే చెప్పింది." రుచమ్మ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే అక్కకి సులువయ్యేది. "మూడో ఏడు నేనేమన్నాను? పల్చగా ఉంది, మధ్యలో బోలుగా ఉంది అన్నాను. గొప్పవన్నీ కొన్నాళ్ళు ఇలా నిద్రపోతాయని నువ్వే కదే చెప్పావు, అన్నావు. నా మాటే నాకు అప్పగించావు. ఐదో ఏడు పుల్లగా తోస్తోందంటే, వయసొస్తోందే, నాలుక కూడా ముసలిదవుతుంది అన్నావు."

"నోటికొచ్చింది అన్నాను."

"నేను నమ్మాను. ముక్కు డాక్టరు దగ్గరికి పోయాను. కళ్ళకి గంతలు కట్టుకుని లవంగం, కర్పూరం, కాఫీ పొడి అంటూ వాసన చూసి చెప్పాను చంటిపిల్లలా. ముక్కు బాగానే ఉందని ఆయన కాగితం రాసిచ్చినా నమ్మలేదు. రెండేళ్ళు నేనై ఒక్క సీసా ఎంచలేదు. దళారీ జాబితా చూసి కొన్నాం, ఎవరో రుచి చూసినవి. ఆ పెద్ద మేళాలో తీర్పరుల బల్ల దగ్గర కూర్చోమని ఉత్తరమొస్తే, ఆరోగ్యం బాలేదని రాసి పంపాను. ఆ ఉత్తరం పోస్టు చేసింది నువ్వు."

అక్క కట్టు అంచుని గోటితో గిల్లింది.

"నా ముక్కు పోయిందని ఏడిస్తే పక్కన కూర్చుని తల నిమిరావు."

"నిజంగానే బాధపడ్డానే."

"పడే ఉంటావు. అదేనక్కా నాకు అంతుబట్టనిది."

ముందు హాల్లో కుర్చీలు జరిపిన చప్పుడు. ఎవరో వచ్చారు. పళ్ళ డాక్టరు నవ్వు ముందుగా వచ్చింది, మనిషి తర్వాత వస్తాడు. ఆయనకి ఎదురెళ్ళి పలకరిస్తున్నది రుచమ్మ భర్త. ఆయన వీధి చివర గడియారాలు బాగుచేసే కొట్టు మధ్యాహ్నమే మూసి, ఈ రోజు కోసం ఇక్కడికొచ్చాడు.

"లేబుళ్ళు ఎప్పుడు అతికించావు?" అడిగింది రుచమ్మ.

"నువ్వు ఇంటికొచ్చి నెలల తరబడి పై గదిలో పడుకున్నప్పుడు. నాలుగు రోజులు పట్టింది."

"నువ్వొక్కదానివే?"

"ఒక్కదాన్నే. తప్పంతా నాదే. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు."

అడక్కుండానే ఎవరికీ చెప్పలేదంది. రుచమ్మ ఒక సీసా చేతిలోకి తీసుకుంది. తర్వాత ఇంకోటి పక్కన పెట్టింది. ఇంకోటి. నాలుగు సీసాలు గట్టు మీద వరసగా నిలబెట్టి, వంగి, లేబుళ్ళ అంచుల వెంట చూసింది. గీత గీసినట్టు ఉన్నాయి నాలుగూ. ఎత్తులో వెంట్రుక వాసి తేడా లేదు. మూలల్లో ఒక్క బుడగ లేదు, ముడత లేదు.

అక్క అతికించినది ఏదైనా ఈ ఇంట్లో ఇలా ఉంటుందా? అక్క చేత్తో అంటించిన తపాలా బిళ్ళ చూసి, ఉత్తరం కూడా ఊరు మారిపోతుందే అని వాళ్ళ నాన్న నవ్వేవాడు. స్కూలు పుస్తకాలకి అక్క అట్టలు వేస్తే టీచరు విప్పి మళ్ళీ వేయించేది. ఇంత నిదానంగా, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత చక్రాన్ని దాని గుంటలో కూర్చోబెట్టే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది.

తెలిసిపోయింది. అయినా కాదేమో అనుకోవడానికి కొంచెం చోటు మిగుల్చుకుంది. సీసాలు కదపలేదు. అక్క వైపు చూడలేదు.

అప్పుడే రుచమ్మ భర్త తలుపు తోసుకుని వచ్చాడు.

"ఇంకా ఏం చేస్తున్నారు? అందరూ వచ్చేశారు. ఇంకో పది నిమిషాలు ఆగితే ఆ డాక్టరు తన పళ్ళు తనే పీక్కునేలా..." ఆగిపోయాడు. గట్టు మీది బిరడాలు చూశాడు. పెట్టె మీద కూలబడిన వదినని చూశాడు. ఏమైందని అడగలేదు.

"చెప్పేశారా, వదినగారూ?" అన్నాడు.

అక్క కళ్ళు మూసుకుంది.

ఆ మాట నోటి నుంచి జారాక గానీ దాని బరువు ఆయనకి తెలియలేదు. తెలిశాక తలుపు మూశాడు, మెల్లిగా, చప్పుడు కాకుండా. ఆయన ఏ పనైనా అంతే.

"నేనింకా మిమ్మల్ని అడగలేదు" అంది రుచమ్మ.

"నేనే చెబుదామనుకున్నాను. చాలాసార్లు."

"ముక్కు డాక్టరు దగ్గర నా సంచీ ఒళ్ళో పెట్టుకుని బయట కూర్చున్నారు. గుర్తుందా? నేను పరిగెత్తుకుంటూ వచ్చి, అన్నీ సరిగ్గానే చెప్పానండీ అన్నాను. మీరేమన్నారు?"

ఆయన గట్టు మీది బిరడాల్ని వరసగా సర్దసాగాడు.

"మళ్ళీ ఆర్నెల్లకి చూపిద్దాం, అన్నారు."

"నీకు తెలిస్తే ఆ పన్నెండు ఇళ్ళకీ తిరిగి చెప్పి, కొట్టు మూసి తాళం పడేస్తావని భయం. నువ్వు అప్పుడే చావు తప్పి కన్ను లొట్టపోయి లేచావు. ఇద్దరం ఆలోచించుకున్నాం, నీ మంచికే..."

"ఇద్దరం" అంది రుచమ్మ. ఆ మాటని నాలుక మీద పెట్టుకుని చూస్తున్నట్టు మళ్ళీ అంది. "ఇద్దరం."

పదేళ్ళుగా ఈ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ముగ్గురు కూర్చుంటున్నారనుకుంది. కాదు. ఇద్దరు ఒక పక్క, తను ఒక పక్క. తనకి తెలియకుండా తను వేరే పంక్తిలో తిన్నది.

"జరిగిందేదో జరిగింది" అన్నాడాయన. గొంతులో ఇప్పుడు కొంచెం పట్టు వచ్చింది. బాగుచేయగలిగిన వస్తువు ఏదో చేతికి దొరికినట్టు. "అందరి ముందూ గొడవెందుకు? తోట వాళ్ళు పొరపాటున పైఏడాది సరుకు పంపారని చెబుదాం. ముసలాయన ఎలాగూ పోయాడు. ఆవిడ ఎక్కడో సముద్రం అవతల. వెళ్ళి అడిగేదెవరు?"

"అదొక్కటే దారే" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

ఎంత బాగా అతికిందో మాట! ఈ మాట ఇప్పటికిప్పుడు తోచింది కాదని రుచమ్మకి అర్థమైంది. ఎప్పుడో ఆలోచించి, అవసరమొస్తే తీయడానికి దాచి ఉంచుకున్నది. వైన్ కంటే ఇదే బాగా నిలవ ఉంది.

"గోడ అవతలి వాళ్ళకి వీళ్ళు ఏ మాత్రం తీసిపోరని ఊరంతా ఒప్పించాను" అందామె. "పేరు లేని వాళ్ళని నమ్మండి, నేల చూడండి, ఏడాది చూడండి అన్నాను. ఇప్పుడు ఆ పేరు లేని వాళ్ళే దొంగలని చెప్పనా? మీ ఇద్దరి పరువు కోసం?"

"నీ పరువు కోసం" అన్నాడాయన. "అక్కడ కూర్చున్నవాళ్ళు నా మాట మీద కొనలేదు, వదిన మాట మీద కొనలేదు. నీ మాట మీద కొన్నారు. బయటికెళ్ళి నిజం చెబితే మా ఇద్దర్నీ నాలుగు రోజులు తిడతారు. నిన్ను మాత్రం ఇక జన్మలో నమ్మరు."

అబద్ధం కాదది. అందుకే సూదిలా దిగింది. రుచమ్మ సీసాలోని వైన్ కూజాలోకి వంచింది. ఒక గ్లాసులో రెండు గుక్కలు పోసుకుని వాసన చూసింది, తాగింది. పల్చగా, మధ్యలో బోలుగా, చివర్లో పుల్లగా ఉంది. మూడో ఏడు ఏం చెప్పిందో అదే. ఐదో ఏడు ఏం చెప్పిందో అదే. ఆమె నాలుక ఒక్క ఏడు కూడా తప్పు చెప్పలేదు. సంతోషించాల్సిన మాటే. సంతోషం రాలేదు.

కూజా తీసుకుని తలుపు తెరిచింది.

హాల్లో ఎవరెవరో ఒకేసారి మాట్లాడుతున్నారు. "అదిగో వచ్చింది! అమ్మా, మా ఆవిడ నన్ను పెళ్ళికి కూడా ఇంతకాలం ఆపలేదు" అన్నాడు పళ్ళ డాక్టరు. కుట్టుమిషన్ల కొట్టు దంపతులు కొత్త బట్టలు కట్టుకొచ్చారు. కిటికీ పక్క బల్ల దగ్గర రిటైరైన నర్సమ్మ ఒక్కతే కూర్చుంది, ముందు రెండు గ్లాసులతో. రెండోది వాళ్ళాయనది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆయన చనిపోయిన ఏడాదే, మంచం పట్టక ముందు, కొట్టుకొచ్చి అడిగాడు, "ఒకటి తెరిచేద్దామా అమ్మా?" అని. "ఇంకా నిద్రపోతోందండీ, కొంచెం ఆగండి" అని చెప్పింది రుచమ్మే. ఆయన తలూపి, చేతికర్ర పట్టుకుని, ఆగడానికి వెళ్ళిపోయాడు.

రుచమ్మ కూజాని మధ్య బల్ల మీద పెట్టింది. ఎవరి గ్లాసూ నింపలేదు.

"తాగే ముందు ఒక మాట వినండి. ఇది 2010 కాదు."

డాక్టరు నవ్వాడు. పక్కన ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"లేబుల్ మీదున్నది అబద్ధం. తోట వాళ్ళు మంచి సరుకే పంపారు, వాళ్ళ తప్పు రవ్వంత లేదు. ఆ సరుకు ఇక్కడే పాడైంది. ఇక్కడే మరుసటి ఏడాది సీసాలకి ఆ లేబుళ్ళు అతికించారు. మీరు పదేళ్ళు ఎదురుచూసిన వైన్ ఈ కొట్లో ఒక్క చుక్క లేదు. నేను ఎదురుచూసింది కూడా అదే."

కుట్టుమిషన్ల కొట్టాయన ఏదో అనబోతే భార్య మోచెయ్యి పట్టుకుంది. కుర్చీ వెనక్కి జరిగింది. నర్సమ్మ లేచి నిలబడింది. ఆస్పత్రి వార్డులో ముప్ఫై ఏళ్ళు రాత్రీ పగలూ చేసిన మనిషి, గొంతు పెంచకుండానే గది అంతా వినేలా మాట్లాడగలదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"గంట క్రితం."

"ఒట్టు?"

"మీ ఆయన మీద ఒట్టు, నర్సమ్మగారూ."

నర్సమ్మ ఆమె ముఖంలోకి చూసింది. రోగి నాడి పట్టుకుని చూసినంతసేపు చూసింది.

"నమ్మాను. మరి అతికించిందెవరు?"

వెనక గది తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది. రుచమ్మ తల తిప్పింది. గుమ్మంలో అక్క, కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని. ఆమె వెనక ఆయన, నిటారుగా, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని. హాల్లో వాళ్ళందరూ వాళ్ళిద్దర్నీ చూశారు, ఇంట్లో మనుషులు కదా అని మళ్ళీ చూపు తిప్పుకున్నారు.

ఒక్క అడుగు ముందుకేస్తారేమోనని రుచమ్మ ఆగింది. అక్క వెయ్యకపోతే ఆయనైనా. ఆయన వెయ్యకపోతే అక్కైనా. ఆమెకి అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు ఆ నిమిషాన.

ఇద్దరూ గుమ్మం దాటలేదు.

"అడుగుతున్నది నిన్నేనమ్మా" అంది నర్సమ్మ. "మీ ఇంట్లో ఎవరు?"

రుచమ్మ వాళ్ళిద్దరి మీద నుంచి చూపు తీసి, నర్సమ్మ వైపు తిరిగి, నోరు విప్పింది.

(సశేషం)